తెలుగు గ్లైడింగ్ సభ్యుల సంఘం: కార్యదర్శి వార్షిక నివేదిక

అధ్యక్షులకు, కార్యవర్గానికి, సభ్యులందరికీ నమస్కారం.

నియమావళి ప్రకారం కార్యదర్శి ఏటా సమర్పించవలసిన నివేదికను ఈ సర్వసభ్య సమావేశం ముందుంచుతున్నాను. దక్షిణ ఇంగ్లండులో గ్లైడర్లు, అంటే ఇంజను లేని విమానాలు, నడిపే తెలుగువారి సంఘంగా మన ఆశయాలేమిటో మీకందరికీ తెలిసినవే కనుక వాటిని మళ్ళీ ఏకరువు పెట్టను. హాలును అద్దె లేకుండా ఇచ్చిన గుడి కమిటీకి, ఉగాదినాడు భోజనాలు చూసుకొన్న దంపతులకు, గ్లైడరును రోడ్డుమీద తీసుకువచ్చే పాత ట్రెయిలరుకు రెండు శనివారాలు వెచ్చించి రంగు వేసిన యువ సభ్యులకు సంఘం తరఫున హృదయపూర్వక ధన్యవాదాలు.

ఈ సీజనులో మన సభ్యులు సొంత ఎయిర్‌ఫీల్డుకు చేరలేక ఏడుసార్లు పరాయి పొలాల్లో దిగారు. దీన్ని ఎవరూ చిన్నతనంగా భావించనక్కరలేదు. పైకి లేచే వేడిగాలి దొరికినంతసేపే గ్లైడరు ఎత్తు నిలుపుకొంటుంది. ఎండ మందగించి ఆ గాలి కరవైనప్పుడు, ఇంకా రెండు వేల అడుగుల ఎత్తులో ఉండగానే వాలు, కరెంటు తీగలు, పశువులు లేని పొలాన్ని చూసుకొని దిగడమే మనం నేర్చుకొన్న పద్ధతి. ఆ ఏడు అనుభవాలను దిగినవారి నోటనే వినిపించిన నవంబరు సాయంత్రం ఈ ఏడాది మన సంఘం చేసిన మంచి పని అని, దాని నిర్వాహకుణ్ణి నేనే అయినా, చెప్పుకోక తప్పదు.

గ్లైడింగులో ఒక మెట్టు దాటినవారికి ఇచ్చే సిల్వర్ బ్యాడ్జికి కావలసిన ఐదు గంటల ప్రయాణాన్ని, వెయ్యి మీటర్ల ఆరోహణను పూర్తిచేసి, మిగిలిన 50 కిలోమీటర్ల దూరం కోసం బయలుదేరిన మన సభ్యుడొకరు 32వ కిలోమీటరు దగ్గర గోధుమ కోసిన పొలంలో క్షేమంగా దిగారు. వీపున పారాచూట్ తోనే నడిచి వెళ్ళి ఆయన ఒక ఇంటి తలుపు తట్టగా, తలుపు తీసిన పెద్దావిడ ఆయనను ఎగాదిగా చూసి, మిగతావాళ్ళు ఎక్కడని అడిగారట. ఆయన ఆయాసపడుతూనే, మిగతావాళ్ళెవరూ లేరు, నేనొక్కణ్ణే అని జవాబిచ్చారు. ఆమె ఆయనను కుర్చీలో కూర్చోబెట్టి, భుజాల చుట్టూ దుప్పటి కప్పి, పంచదార దట్టించిన టీ చేతికిచ్చి లోపలికి వెళ్ళి ఫోను చేశారు. పావుగంటలో రెండు పోలీసు కార్లు, ఒక అంబులెన్సు వచ్చాక గాని, ఆ 'మిగతావాళ్ళు' అసలు పుట్టనేలేదన్న సంగతి తేలలేదు.

రెండో కథ గుంటూరు జిల్లా నుంచి వచ్చిన మన సభ్యురాలిది. పైనుంచి ఖాళీగా కనిపించిన పచ్చిక బయలులో ఆమె దిగేసరికి, చెట్ల నీడన పడుకొన్న పడ్డలు ఇరవై దాకా లేచి వచ్చి గ్లైడరును చుట్టుముట్టాయి. ఒకటి కాక్‌పిట్ అద్దాన్ని నాకుతుంటే గరుకు నాలుక చప్పుడు లోపలికి వినిపించిందని, చొంగ జిగురు కింది దాకా చారలు కట్టిందని ఆమె చెప్పారు. గుడ్డ తొడుగులున్న పాతకాలపు గ్లైడర్లనైతే పశువులు నమిలేసిన సందర్భాలూ ఉన్నాయి. ఇంగ్లీషులో ఎంత అదిలించినా అవి కదలకపోవడంతో ఆమె దిగి, అమ్మమ్మగారి దొడ్డిలో అలవాటైన గొంతుతో "హోయ్, హోయ్, పోండే!" అన్నారు. మంద మొత్తం వెనక్కి తిరిగింది. గేటు దగ్గర నిలబడి చూస్తున్న రైతు, ఆ మాట తనకూ నేర్పమన్నాడు.

1972 ఏప్రిల్ 25న హాన్స్ వెర్నర్ గ్రోసె జర్మనీలోని ల్యూబెక్ నుంచి ఫ్రాన్సులోని బియారిట్జ్ వరకు 1,460 కిలోమీటర్లు గ్లైడరులో వెళ్ళారని మన సభ్యులందరూ ఠక్కున చెబుతారు. ఆయనను వెనక్కి తెచ్చినవారెవరని ఆ సాయంత్రం నేను అడిగితే మాత్రం ఒక్కరూ నోరు మెదపలేదు. ఈ ప్రశ్నను ఊరికే అడగలేదు. పొలంలో దిగినవారి కోసం ట్రెయిలరు తీసుకువెళతామని సంతకాలు చేసినవారు పద్నాలుగు మంది. ఏడుసార్లూ వెళ్ళినవారు ముగ్గురే, వారిలో నేనొకణ్ణి. రాత్రి పదకొండు గంటలకు, టార్చి వెలుగులో, పదిహేను మీటర్ల రెక్కలను విడదీసి మోయడానికి వచ్చిన మిగతా ఇద్దరికీ, డబ్బా నిండా పులిహోర కట్టి పంపిన వారి ఇళ్ళవారికీ ఈ సభ కరతాళధ్వనులతో కృతజ్ఞత తెలపాలని మనవి.

ట్రెయిలరు నిలుపుకొనే స్థలం కోసం ఒక స్థానిక కార్యాలయానికి నాలుగు ఉత్తరాలు రాశాము. సంబంధిత విభాగానికి పంపామన్న జవాబు నాలుగుసార్లూ వచ్చింది. ఆ విభాగం ఎక్కడుందో ఇంతవరకు తెలియలేదు.

లెక్కల ప్రతులు అందరికీ అందాయి. ఖర్చు రాబడిని స్వల్పంగా మించింది. టైర్లు, బీమా ఇందుకు కారణం. 'రైతులకు వైను సీసాలు' అన్న పద్దు గురించి ఒకరు ఆక్షేపించారు. చెప్పకుండా ఒకరి పొలంలో దిగి, వారి టీ తాగి, ఒట్టి చేతులతో రావడం మర్యాద కాదని కార్యవర్గం భావించింది.

ట్రెయిలరు ఎడమవైపు వెనుక దీపం వెలగడం లేదు. దాని తాళంచెవి రెండేళ్ళుగా నా దగ్గరే ఉంది. వచ్చే ఏడాది అది ఎవరి దగ్గర ఉండాలో ఈ సమావేశంలోనే తేల్చవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు
కార్యదర్శి