పెళ్లి ప్రకటనల్లో రంగు మాట ఆపండి

సంపాదకుల వారికి నమస్కారం.

మొన్న ఆదివారం మీ అనుబంధంలో, ఆడపిల్లలు తమ రంగును, ఒంటి తీరును చూసి కుంగిపోవద్దంటూ ఒక వ్యాసం వేశారు. బాగా రాశారు. మా షాపులో పనిచేసే అమ్మాయి కత్తిరించి దాచుకుంది కూడా. అయితే అదే రోజు పత్రికలో పెళ్లి ప్రకటనల పేజీ కూడా ఉంది. 'తెల్లగా, సన్నగా, పొడవుగా ఉన్న వధువు కావలెను' అన్న ధోరణి ప్రకటనలే అందులో ఎక్కువ. వరుడి దగ్గరికి వచ్చేసరికి జీతం, పొలం, వీసా. అతని రంగు ఎవరికీ పట్టలేదు. దానికి తోడు జిల్లా ఎడిషన్ మొదటి పేజీలో సగం ఒక స్కిన్ క్లినిక్ ప్రకటన.

నేను ఫార్మసిస్టును. ఆ పేజీ ప్రభావం ఎలా ఉంటుందో కౌంటర్ దగ్గర నిలబడితే తెలుస్తుంది. పెళ్లిచూపులు ఖాయమవగానే తల్లులు వస్తారు, పక్కన తలవంచుకుని కూతురు. పక్కింటివాళ్లు వాడిన ట్యూబు పేరు కాగితం మీద రాసుకొస్తారు. తీరా చూస్తే అది స్టెరాయిడ్, చర్మం రంగు తగ్గించే హైడ్రోక్వినోన్ కలిసిన మందు. మంగు మచ్చలకు చర్మ డాక్టర్లు కొద్ది వారాలు మాత్రమే వాడమని రాసేది. ముఖానికి రాసిన కొత్తలో తెల్లబడినట్టే ఉంటుంది, అక్కడే మోసపోతారు. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడుతుంది, మొటిమలు లేస్తాయి, ముఖం మీద వెంట్రుకలు వస్తాయి. ఆపేద్దామంటే మంట, ఎర్రదనం. దాంతో మళ్లీ అదే ట్యూబు. ఇలా పాడైన ముఖాలు ఎంత ఎక్కువయ్యాయంటే, మన దేశపు చర్మ వైద్యులు దీన్ని ఒక ప్రత్యేక సమస్యగా గుర్తించి పేరు పెట్టాల్సి వచ్చింది. 2018లో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ క్రీములను షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. అంటే డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు. మేం ఇవ్వం అంటే తల్లులకు కోపం. నాలుగడుగులు వేస్తే ఇచ్చే షాపు ఉండనే ఉంది.

మందులషాపుల తప్పు లేదనను. కానీ ఆ తల్లిని షాపు దాకా నడిపించిన భయం ఎక్కడ పుట్టిందో కూడా చూడాలి కదా.

ఫెయిర్ అండ్ లవ్లీ 1975లో మార్కెట్‌లోకి వచ్చింది. దాని ప్రకటనల్లో ఒకటి నా వయసువాళ్లకు ఇప్పటికీ గుర్తు: కొడుకు పుట్టి ఉంటే బాగుండేదని తండ్రి నిట్టూరుస్తాడు, కూతురు క్రీము రాసుకుని తెల్లబడి ఎయిర్ హోస్టెస్ ఉద్యోగం తెచ్చుకుంటుంది. మహిళా సంఘం ఐద్వా గట్టిగా పోరాడాక, 2003లో ఆ ప్రకటన టీవీల నుంచి పోయింది. నల్లగా ఉన్నవాళ్లను దిగులుగా, పెళ్లికీ ఉద్యోగానికీ పనికిరానివాళ్లుగా చూపించకూడదని ప్రకటనల ప్రమాణాల మండలి 2014లో నియమం పెట్టింది. 2020లో ఆ క్రీము పేరు గ్లో అండ్ లవ్లీ అయింది. మా కౌంటర్ దగ్గర మాత్రం ఇప్పటికీ పాత పేరుతోనే అడుగుతారు. సాయి పల్లవి ఫెయిర్‌నెస్ క్రీము ప్రకటన కాదంటే అదో పెద్ద వార్త అయింది. ఒక్కరు కాదంటేనే వార్త అయిందంటే మిగతావాళ్ల సంగతి వేరే చెప్పాలా!

ఇక క్లినిక్‌ల ప్రకటనలు. 'ముందు', 'తర్వాత' అని పక్కపక్కన రెండు ఫొటోలు వేస్తారు. మొదటి దాంట్లో వెలుతురు ఉండదు, నవ్వు ఉండదు. ఫ్రాన్స్‌లో మోడల్ ఒంటిని సన్నగానో లావుగానో కంప్యూటర్‌లో మార్చితే, ఆ సంగతి ప్రకటన మీదే రాయాలని 2017 నుంచి నిబంధన ఉంది. నార్వే కూడా 2022లో అలాంటిదే తెచ్చింది. మనకు 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఉంది. తప్పుదారి పట్టించే ప్రకటనకు కంపెనీకైనా, అందులో నటించిన తారకైనా 10 లక్షల వరకు జరిమానా వేయవచ్చు. ప్రచురించినవారికి మాత్రం, వ్యాపారంలో భాగంగా మామూలుగా వేశామని చూపిస్తే మినహాయింపు. పత్రికలకు చట్టమే దారి వదిలింది కాబట్టి మీకు చట్టం గురించి చెప్పడం లేదు, అడుగుతున్నాను అంతే.

పెళ్లి ప్రకటనల్లో రంగు గురించిన మాట తీసుకోకండి. షాదీ డాట్ కామ్ వాళ్లు 2020 జూన్‌లో, అమెరికాలోని మనవాళ్లు పిటిషన్ పెట్టాక, రంగును బట్టి వెతికే సదుపాయాన్ని తీసేశారు. వాళ్ల వ్యాపారం ఏమీ మూతపడలేదు. మీరూ ప్రకటనలు తీసుకునే చోట మీ ఏజెంట్లకు ఒక్క మాట చెబితే సరిపోతుంది. లైనుకు ఇంత అని తీసుకుంటారు కనుక ఒక మాట తగ్గినందుకు పోయే ఆదాయం కూడా పెద్దగా ఉండదు. క్లినిక్ ప్రకటనలది పెద్ద డబ్బు, అది అంత తేలిక కాదని తెలుసు. కనీసం 'ముందు', 'తర్వాత' ఫొటోలు అసలువేనని రాతపూర్వకంగా అడిగి తీసుకోండి.

ఈ లేఖ వేస్తే, మీ ప్రకటనల విభాగం ఏమంటుందో కూడా దీని కిందే వేయమని మనవి.

– ఒక ఫార్మసిస్టు, తాడేపల్లిగూడెం