పేక ముక్క తిప్పి మా బాబు ఏడుపు మాన్పించిన అన్నయ్యకు

బరంపురం ఆసుపత్రిలో మా పక్క మంచం దగ్గరున్న అన్నయ్యా, మీకు వేవేల దండాలు.

మాది రాయగడ జిల్లా గుణుపూర్. మా బాబు చెట్టు మీంచి పడి ఎడమ చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. ఆపరేషన్‌కి మత్తిస్తారు కనక మంచినీళ్లు కూడా పట్టొద్దన్నారు. ఆకలికి వాడు ఒకటే ఏడుపు. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు.

మీరు జేబులోంచి ఇస్పేటు రాణి తీశారు. అంచులు కాస్త కిందికి వంచారు, గొడుగులా. అలా వంచితే బరువు వేలి కొస కన్నా కిందికి దిగి ముక్క నిలబడుతుందని, చదునుగా ఉంటే జారిపోతుందని రెండూ చేసి చూపించారు. సరిగ్గా నడిమధ్య చూపుడువేలు ఆనించి, మూలని చిన్నగా మీటారు. గిర్రున తిరిగింది! వాడి ఏడుపు టక్కున ఆగింది.

తనూ తిప్పుతానన్నాడు. ఒక చెయ్యి కట్టులో ఉందే, ఎలా? "నా వేలుంది కదా బాబూ" అంటూ మీరు నేలమీద గొంతుక్కూర్చుని, మంచం ఎత్తుకి వేలు పెట్టారు. వాడు కుడిచేత్తో మీటడం, ముక్క పడిపోవడం, మీరు తీసి మళ్లీ వేలిమీద పెట్టడం. స్ట్రెచర్ వచ్చేదాకా లేవలేదు. అప్పటికి మీ పాప కూడా కాలికి కట్టుతో పక్క మంచం మీదే ఉంది. అది తలుచుకుంటే నాకిప్పటికీ కళ్లు చెమరుస్తాయి.

తర్వాత మమ్మల్ని వేరే వార్డుకి మార్చేశారు, మళ్లీ కలవలేదు. బాబుకి కట్టు విప్పేశారు, చెయ్యి బాగుంది. ఇప్పుడు తన వేలిమీదే తిప్పుతున్నాడు. మీ పాప చక్కగా నడవాలని మజ్జిగౌరమ్మకి మొక్కుకున్నాను అన్నయ్యా.