పులికాట్ పడవలు నీటిని చూసి తిరగాలి

అయ్యా,

జనవరి వస్తోందంటే మన జిల్లాలో ఫ్లెమింగో పండగ గురించి హడావుడి మొదలవుతుంది. 2025లో సూళ్లూరుపేట, నేలపట్టు, భీములవారిపాలెంలలో మూడు రోజులు జరిపారు. జరపడం మంచిదే. పక్షుల పేరు చెప్పి పిల్లలు సెలవు రోజున సెల్‌ఫోన్ వదిలి బయటికి వస్తున్నారు, అదీ తక్కువేం కాదు. కానీ పడవ షికారుకు ముహూర్తం పెట్టాల్సింది పులికాట్ సరస్సు నీరు. పండగ తేదీలు, సెలవులు ఆ తర్వాతే.

ఈశాన్య రుతుపవనాల వానలకు కాళంగి, ఆరణి నదుల నీరు చేరి అక్టోబరు నుంచి సరస్సు నిండుతుంది. వేసవికి మన ఆంధ్ర వైపు చాలా భాగం ఎండిపోతుంది. శ్రీహరికోట రోడ్డు మీద అటకానితిప్ప దగ్గర ఆగితే ఆ తేడా ఎవరికైనా కనిపిస్తుంది. ఫ్లెమింగో ముక్కు తలకిందులుగా నీళ్లలో పెట్టి, బురదలోని సన్న జీవులను వడగట్టి తింటుంది. కాబట్టి అది నిలబడేది లోతు లేని చోట, పడవ నడిచేది లోతున్న చోట. ఈ మాట రేవులో ముందే చెప్పకపోతే, డబ్బులు కట్టినవాళ్లు "ఇంకా దగ్గరికి పోనీ అన్నా" అని పడవవాడి ప్రాణం తీస్తారు. అతను ఇంజను పెంచితే గుంపంతా లేచిపోతుంది. ఫొటో బాగానే వస్తుంది, మేత మాత్రం చెడుతుంది.

నిజానికి పడవలోంచి బాగా కనిపించేవి వేరే ఉన్నాయి. చేపల కోసం వచ్చే గూడబాతులు (పెలికాన్లు), నీటికాకులు, చలికాలం ఉత్తర దిక్కు నుంచి వలస వచ్చే గోధుమతల గల్ పక్షులు, సూదితోక బాతులు. గూడబాతుల గూళ్లు చూడాలంటే నేలపట్టు చెరువు గట్టెక్కి నీళ్లలో పెరిగే కడప చెట్ల వైపు చూడాలి. అక్కడ పడవలు అడగకండి, దయచేసి. 1976 నుంచి అది అభయారణ్యం. పక్షుల రెట్ట కలిసిన చెరువు నీరు పొలాలకు ఎరువని తెలిసిన ఆ ఊరివాళ్లు వాటిని కాపాడుకుంటూ వచ్చారు.

అటవీ, పర్యాటక శాఖలు ఈ సీజన్ మొదలయ్యేలోపు కొన్ని పనులు చేస్తే బాగుంటుంది. ఏ రేవులో నీరెంత ఉంది, ఏ పక్షులు కనిపిస్తున్నాయన్నది వారం వారం బోర్డు మీద రాయాలి. గుంపులున్న వైపు ఇంజను వాడకుండా హద్దు జెండాలు పాతాలి. చిన్న పడవల అనుమతులు గెడకర్రతో పడవ నడపడం తెలిసిన స్థానిక జాలర్లకే ఇవ్వాలి. లైఫ్ జాకెట్ల ఖర్చు శాఖే భరించాలి. నీరు తగ్గిన వారం షికార్లు ఆపేయాలి, టికెట్లు ఎంత అమ్ముడుపోతున్నా సరే.

రాయదొరువు దగ్గర సరస్సు సముద్రంతో కలిసే ముఖద్వారం పూడుకుపోయిందని జాలర్లు ఏళ్ల తరబడి మొర పెట్టుకుంటున్నారు. సముద్రపు నీరు సరిగా రాకపోతే ముందు దెబ్బ తినేది వాళ్ల వల, తర్వాత ఈ పక్షుల మేత. పండగ స్టేజీ ఎక్కే నాయకులు ఈసారి ఆ పూడికతీత ఎంతవరకు వచ్చిందో అక్కడే చెప్పాలి.

— ఒక పాఠకుడు, తిరుపతి