ఇస్రో అధ్యక్షులకు బహిరంగ లేఖ: వైఫల్యం గురించీ వివరంగా పోస్టు పెట్టండి

గౌరవనీయులైన ఇస్రో అధ్యక్షులు గారికి నమస్కారం.

2014 సెప్టెంబరులో అంగారక కక్ష్యలోకి చేరగానే మన మంగళయాన్ ట్విట్టర్‌లో నాసా వారి క్యూరియాసిటీ రోవర్‌ను చనువుగా పలకరించింది. ప్రభుత్వ సంస్థకు ఇంత చమత్కారమా అని ముచ్చటపడ్డాం. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 దిగుతుంటే మీ యూట్యూబ్ ప్రసారాన్ని ఒకే సమయంలో 80 లక్షల మంది చూశారు. వినడానికి జనం ఉన్నారండీ.

మరి 2025 మే 18న? శ్రీహరికోట నుంచి వెళ్లిన పీఎస్ఎల్‌వీ-సీ61 రాకెట్ మూడో దశలో దెబ్బతిని, ఈఓఎస్-09 ఉపగ్రహం దక్కలేదు. ఆ సంగతి దాచకుండా అప్పటికప్పుడే చెప్పారు, మెచ్చుకోవలసిందే. కానీ పోస్టులో ఉన్నది రెండు మూడు ముక్కలే. ఆ మూడో దశలోని ఘన ఇంధన మోటారులో పీడనం పడిపోయిందన్నారు; అలా పడిపోవడం అంటే ఏమిటో, దాన్ని కనిపెట్టేదెలాగో, విచారణ కమిటీ ఏయే ఆధారాలు చూస్తుందో సామాన్యుడికి ఎవరు చెప్పాలి? మీరు వదిలేసిన ఖాళీని కుట్ర కథల ఛానళ్లు ఆ సాయంత్రానికే నింపేస్తాయి. వాళ్లకు కమిటీ నివేదికతో పని లేదు మరి!

రహస్యాలు బయటపెట్టమని అడగడం లేదు. మోటారు బొమ్మ పక్కన ఒక ఇంజనీరును నిలబెట్టి అయిదు నిమిషాలు మాట్లాడించండి. తెలిసింది ఇది, ఇంకా తేలనిది ఇది అని చెప్పించండి. నివేదిక వచ్చాక దాని సారాంశాన్నీ అదే ఖాతాలో పెట్టండి. శ్రీహరికోట తిరుపతి జిల్లాలోనే ఉంది కనుక తెలుగులో మాట్లాడగలిగేవారు మీకు దొరకకపోరు.

ఇట్లు,
ఒక తెలుగు పాఠకుడు