బరువు ఒక్కటే చూస్తే ఎట్ల?

సంపాదకులకు,

పీసీఓఎస్ (ఆడవాళ్లలో హార్మోన్లు గాడి తప్పి నెలసరి చెదిరే సమస్య) అనగానే మా దిక్కు ఆడపిల్లకు వినపడే మొదటి మాట 'బరువు తగ్గు'. తప్పేం కాదు; 5 నుంచి 10 శాతం తగ్గినా చాలామందికి నెలసరి గాడిన పడుతుంది. కానీ ఒంటికి ఇన్సులిన్ సరిగా పట్టక రక్తంలో పేరుకుంటే, అదే అండాశయాలతో మగ హార్మోన్లను ఎక్కువ తయారు చేయిస్తుంది. సన్నగా ఉన్నవాళ్లలోనూ ఇది ఉంటుంది. ఇన్సులిన్ ఒంటికి పట్టకపోతే మెడ నల్లబడొచ్చు; తల్లులేమో సున్నిపిండి పెట్టి రుద్దుతారు. పాపం, అది మురికైతే కదా పోయేది! 2023 అంతర్జాతీయ పీసీఓఎస్ మార్గదర్శకాలు బరువుతో నిమిత్తం లేకుండా షుగర్ స్థితి చూడమంటున్నాయి, అందుకు 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి చేసే పరీక్షే నమ్మదగినదంటున్నాయి. గర్భిణులకు చేసే పరీక్షే అది. నల్గొండ, దేవరకొండ సర్కారు దవాఖానల్లో పీసీఓఎస్ ఉన్నవాళ్లకూ రాయాలి, సన్నగా ఉన్నారని వదిలేయకుండా.

- ఒక పాఠకురాలు, దేవరకొండ