పిల్లికూతలు ఆగాయని సంబరపడ్డాం

సంపాదకులకు నమస్కారం.

మాది తిరుపతి. నాకు చిన్నప్పటి నుంచి ఉబ్బసం. పోయిన చలికాలంలో ఒక రాత్రి పదకొండింటికి ఆయాసం మొదలైంది. తెల్లారాక చూద్దాంలే అని మంచం మీదే కూర్చుని, చేతులు మోకాళ్ల మీద ఆనించి ఊపిరి లాగుతూ ఉండిపోయాను. అమ్మ మిరియాల కషాయం ఇచ్చింది. మూడింటికల్లా ‘నీళ్లు కావాలి’ అన్న రెండు మాటలు కూడా కలిపి చెప్పలేకపోయాను. అంతలో ఊపిరి తీస్తుంటే ఛాతీలోంచి వచ్చే పిల్లికూతలు ఆగాయి. తగ్గిందని అందరూ సంబరపడ్డారు. నిజానికి కూత రావడానికి సరిపడా గాలి కూడా లోపల ఆడటం లేదట! నా గోళ్లు నీలంగా మారడం చూసి తమ్ముడు 108కి ఫోన్ చేశాడు. అంబులెన్సులోనే ఆక్సిజన్ పెట్టారు.

ఆసుపత్రిలో డాక్టరు నా నీలం ఇన్‌హేలర్ తిప్పి చూపించారు. ఇంకా ఎన్ని మోతాదులు మిగిలాయో చూపే వెనక అంకె సున్నా. నేను రాత్రంతా పీల్చింది ఉత్త గాలి. రోజూ వాడాల్సిన స్టెరాయిడ్ ఇన్‌హేలర్ అయితే ‘అలవాటైపోతుంది’ అన్న భయంతో ఎప్పుడో మానేశాను. ఊపిరి గొట్టాల్లో వాపు తగ్గించేది అదే. నీలం రంగుది బిగుసుకున్న కండరాన్ని కాసేపు వదులు చేస్తుందంతే.

అలిపిరి మెట్లెక్కే ఉబ్బసం రోగులను టీటీడీ హెచ్చరిస్తుంది. ఇంట్లో ‘తెల్లారనీ’ అని కూర్చున్నవాళ్లకు చెప్పేదెవరు? ఇన్‌హేలర్ పీల్చినా తగ్గకపోయినా, మాట తెగిపోతున్నా వెంటనే 108కి ఫోన్ చేయాలని మీ పత్రికలో, చలికాలం మొదలవకముందే, పెద్ద అక్షరాలతో వేయండి.

ఒక పాఠకురాలు, తిరుపతి