రక్తపరీక్ష చెప్పని సంగతి రోగినే అడగాలి

సంపాదకులు గారికి,

మా శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతపు కిడ్నీ వ్యాధిపై వచ్చే వార్తల్లో కిడ్నీల పనితీరును రక్తపరీక్షలో తెలిపే క్రియాటినిన్ అంకెలు, డయాలసిస్ పడకల సంఖ్య, తాగునీటి పథకం, నెలకు 10 వేల రూపాయల పింఛను తరచూ కనిపిస్తాయి. ఇవన్నీ అవసరమైనవే, ఎన్నో ఏళ్లు అడగ్గా అడగ్గా వచ్చినవే. అయితే వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటల చొప్పున యంత్రం పక్కన పడుకునే మనిషి మిగిలిన రోజులు ఎలా గడుపుతున్నాడో ఎవరూ అడిగి రాసుకోవడం లేదు. దీర్ఘకాలిక వ్యాధుల్లో జీవన నాణ్యతను పరిశీలించే ఆరోగ్య మనస్తత్వ శాస్త్రం ఆ ప్రశ్నను పరామర్శగా కాక చికిత్సలో భాగంగా చూస్తుంది కాబట్టి ఈ లేఖ రాస్తున్నాను.

మా బావమరిది కవిటి మండలంలో కొబ్బరి రైతు. డయాలసిస్ మొదలయ్యాక, ముందురోజు వచ్చిన మూత్రం ఎంతో అంతకు మరో అర లీటరు కలిపి, రోజు మొత్తం మీద అంతకు మించి తాగవద్దని చెప్పారు. అన్నంలోకి పోసుకునే చారు, మజ్జిగ, చివరికి మాత్ర మింగే గుక్కెడు నీళ్లు కూడా ఆ లెక్కలోకే వస్తాయి. పొటాషియం ఎక్కువని కొబ్బరినీళ్లు పూర్తిగా మాన్పించారు. తోటలో దింపు జరిగే రోజున కూలీలకు బొండాలు కొట్టించి ఇచ్చి, తాను దూరంగా వెళ్లి కూర్చుంటాడు. పెళ్లిళ్లకు వెళ్లడమూ మానేశాడు. వెళితే ఎవరో ఒకరు గ్లాసు చేతికిస్తారు, వద్దంటే కారణం చెప్పుకోవాలి. అతని కేస్ షీటులో బరువు, బీపీ, హిమోగ్లోబిన్ పద్ధతిగా నమోదవుతున్నాయి గానీ, ఈ సంగతి రాయడానికి అందులో గడి లేదు.

అలాంటి గడి ఉన్న పత్రాలు ప్రపంచంలో లేకపోలేదు. అమెరికాలో ర్యాండ్ సంస్థ పరిశోధకులు ముందుండి, కిడ్నీ రోగుల జీవన నాణ్యతను తెలుసుకోవడానికి రూపొందించిన కేడీక్యూఓఎల్ ప్రశ్నావళికి 36 ప్రశ్నల రూపం ఒకటి ఉంది. జబ్బు గొడవతోనే కాలమంతా గడిచిపోతోందా, ఇంటివాళ్లకు భారమయ్యానని అనిపిస్తోందా, దురద, ద్రవాల మీద ఆంక్షలు, ప్రయాణం చేయలేకపోవడం ఎంతగా బాధిస్తున్నాయి అని అది అడుగుతుంది. డయాలసిస్ రోగుల శారీరక, మానసిక స్థితిని ఇలాంటి ప్రామాణిక ప్రశ్నావళితో తెలుసుకోవాలని అమెరికా ప్రభుత్వం 2008లోనే కేంద్రాలకు నియమం పెట్టింది. అందుకు కారణం జాలి మాత్రమే కాదు. అమెరికా, జపాన్, ఐదు యూరప్ దేశాల్లో డయాలసిస్ రోగులపై జరిగిన డాప్స్ అనే అధ్యయనం 2003లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, జీవన నాణ్యత స్కోరు తక్కువగా ఉన్న రోగుల్లో ఆస్పత్రిలో చేరడం, మరణించడం రెండూ ఎక్కువగా కనిపించాయి.

రోగి తరఫున మనమే ఊహించి చెప్పడం కుదరదని కూడా పరిశోధనలే చూపించాయి. జేసన్ రీస్, జార్జ్ లోవెన్‌స్టైన్ తదితరులు 2005లో ప్రచురించిన అధ్యయనంలో, డయాలసిస్ రోగులను, ఆరోగ్యవంతులను వారంపాటు రోజూ పలుమార్లు ఆ క్షణాన మనసు ఎలా ఉందో చిన్న యంత్రం ద్వారా అడిగారు. రెండు వర్గాల జవాబుల్లో పెద్దగా తేడా లేదు. రోగులు ఎంతో కుంగి ఉంటారని అనుకున్నది ఆరోగ్యంగా ఉన్నవాళ్లే. దీన్ని పట్టుకుని, ‘అలవాటు పడిపోతారు, ఇంకేం కావాలి’ అని మన అధికారులు తేల్చేస్తారేమోనన్న భయం నాకు లేకపోలేదు. తెల్లవారుజామున బయల్దేరి రెండు ఆటోలు మారి కేంద్రానికి చేరే ఉద్దానం రోగి సంగతి అక్కడి లెక్కలతో తేలదు, ఇక్కడ అడిగితేనే తెలుస్తుంది.

మరో చిక్కు కూడా ఉంది. అలసట, నిద్రపట్టకపోవడం, ఆకలి మందగించడం కిడ్నీ జబ్బుకూ లక్షణాలే, మానసిక కుంగుబాటుకూ లక్షణాలే. దాంతో రెండోది మొదటిదాని చాటున ఉండిపోతుంది. న్యూయార్క్‌లో డేనియల్ క్యూకర్ బృందం, రోగులు డయాలసిస్ కుర్చీలో ఉండగానే ఆలోచనా ధోరణిని సరిదిద్దే కౌన్సెలింగ్ ఇచ్చి, ఫలితాలను 2014లో ప్రచురించింది. కుంగుబాటు తగ్గి, జీవన నాణ్యత మెరుగుపడింది. అంతేకాదు, రెండు డయాలసిస్‌ల మధ్య ఒంట్లో నీరు చేరి పెరిగే బరువు కూడా తగ్గింది. నీళ్లు తగ్గించమని వందసార్లు మందలించినా సాధ్యం కానిది కొంతవరకు ఇలా సాధ్యమైందన్న మాట.

పలాసలో 200 పడకల ఆస్పత్రితో పాటు కిడ్నీ పరిశోధన కేంద్రం కూడా ఏర్పాటైంది. వ్యాధి ఎందుకు వస్తోందన్న అన్వేషణతో పాటు, వచ్చినవాళ్లు ఎలా బతుకుతున్నారన్నదీ అక్కడ పరిశోధనాంశం కావాలి. కొత్తగా పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం సిబ్బంది నెలకొకసారి డయాలసిస్ కేంద్రాలకు వచ్చి, ప్రతి రోగినీ ఏడాదికి ఒక్కసారైనా ఇక్కడి మాటల్లో అడిగి, జవాబులను కేస్ షీటుకు జతచేస్తే చాలు. వాటిని బట్టి కొందరికి షిఫ్టు వేళ మార్చవచ్చు, కొందరికి రవాణా చూడవచ్చు, కొందరిని మానసిక వైద్యుడి దగ్గరకు పంపవచ్చు. అడిగేటప్పుడు మాత్రం ఇంటివాళ్లను కాసేపు బయట కూర్చోబెట్టాలి. భార్య పక్కనే ఉండగా ‘ఇంటికి భారమయ్యానని అనిపిస్తోందా’ అని అడిగితే మా బావమరిదే కాదు, ఎవరూ నిజం చెప్పరు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
సోంపేట, శ్రీకాకుళం జిల్లా